ఆరు చేతుల జోస్యం

మా రాష్ట్రంలో వచ్చే ఏడాది ఎలా ఉండబోతోందో ఏటా మార్చి నెలలో ఓటేసి తేలుస్తాం. వేళాకోళం కాదు, నిజంగానే. శాసనసభకు ఒక ఆర్థిక నిపుణురాలు ఉంటుంది, రాష్ట్రాన్ని నడిపే గవర్నరు ఆఫీసుకు ఒకడుంటాడు. ఇద్దరూ బడ్జెట్ కమిటీ ముందుకొచ్చి, పన్నుల రాబడి ఇంత వస్తుందని ఒకరు, కాదు అంత వస్తుందని ఇంకొకరు చెబుతారు. ఇద్దరి మాటా కలవకపోతే కమిటీలో ఉన్న ఆరుగురం చేతులెత్తి ఒకరిని నమ్ముతాం. ఏ జోస్యానికి నాలుగు చేతులు లేస్తే రాష్ట్రం ఏడాదంతా దాని మీదే నడుస్తుంది. చేతులు సమానంగా చీలితే గవర్నరు మనిషి చెప్పిందే ఖాయం. నేను గోధుమ రైతుని. మా పొలంలో వాన పడుతుందా లేదా అని నేను ఓటింగు పెడితే మా ఆవిడ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. రాజధానిలో మాత్రం ఆ పనికి జీతమిస్తారు.

నా పేరు హార్లన్ వైమర్. తూర్పు మైదానాల నుంచి రాష్ట్ర సెనేట్‌కు గెలిచాను. కమిటీలో నా పక్క కుర్చీ డెల్ఫీనా ఆర్చులేటాది. దక్షిణాన కొండల నడుమ లోయలో ఆలుగడ్డలు పండించే కుటుంబం ఆమెది. ఆమె పార్టీ వేరు, నా పార్టీ వేరు. మొదటి ఏడాది మేమిద్దరం ఉప్పూ నిప్పులా ఉన్నాం. రెండో ఏడాది ఒక మంచు రోజున కేంటీను మూతపడితే, ఆమె తను తెచ్చుకున్న పచ్చిమిరప, పంది మాంసం పులుసులో సగం నా ముందుకు నెట్టి, "తిను, ఆకలి మీద మరీ మొండిగా వాదిస్తావు" అంది. అప్పటి నుంచి స్నేహం.

మా చట్టం సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. రాష్ట్రం ఏడాదికి ఇంతకు మించి రాబడి ఉంచుకోకూడదని ఒక గీత ఉంది. ధరలు పెరిగిన మేరకు, జనాభా పెరిగిన మేరకు ఆ గీత జరుగుతుంది. గీత దాటి వచ్చిన ప్రతి డాలరూ చెక్కుల రూపంలో జనానికి తిరిగి వెళ్లాలి. దాచడానికి వీల్లేదు. ఇంతవరకు నాకూ సమ్మతమే, నా ఓటర్లకు మరీ సమ్మతం. తంటా అంతా చెడ్డ ఏడాదిలో ఉంది. రాబడి పడిపోతే గీత కూడా దానితోపాటే కిందికి దిగి, తర్వాత అక్కడి నుంచే మళ్లీ లెక్క మొదలవుతుంది. కరువులో పశువుల తొట్టిలో నీళ్లు అడుగంటాయనుకోండి. ఆ అడుగునే గీత గీసి, వచ్చే ఏడాది ఎంత వాన కురిసినా ఇంతకు మించి నింపకూడదని ఎవడైనా అంటే, మా వైపు వాణ్ని పశువుల దరిదాపులకు రానివ్వరు.

రెండేళ్ల కిందట డెల్ఫీనా, నేను కలిసి దీన్ని మార్చడానికి ప్రయత్నించాం. మంచి ఏడాదుల్లో మిగిలింది చెడ్డ ఏడాది కోసం పక్కన పెట్టనివ్వండి, రాబడి పడినప్పుడు గీతను మాత్రం పడనివ్వకండి, అంతే మేం అడిగింది. అలాంటి మార్పుకు నవంబరు ఎన్నికలో జనం ఒప్పుకోవాలి. బ్యాలెట్ మీద ప్రశ్న ఏ మాటలతో మొదలవ్వాలో కూడా చట్టమే చెబుతుంది: ప్రజలకు తిరిగి ఇవ్వాల్సిన సొమ్మును ప్రభుత్వం ఉంచేసుకోవచ్చా, అని. అలా అడిగితే మా అమ్మ కూడా వద్దనే అంటుంది.

చిత్తుగా ఓడిపోయాం. మా ఊరి కాఫీ హోటల్లో నేను ఏళ్లుగా కూర్చునే బల్ల దగ్గర నన్ను చూసి మాటలు ఆగిపోయేవి. "రాజధాని నీళ్లు నీకు బాగానే వంటబట్టాయి హార్లన్" అన్నాడు మా పక్క పొలం వాడు. వాడి కొట్టంలో రెండేళ్లకు సరిపడా గడ్డి ఉంది. ఆ మాటే వాడితో అన్నాను. "గడ్డి నాది. నా కొట్టానికి తాళం నేనేసుకుంటా. మీ తాళం ఎవడి చేతిలో ఉంటుందో ఎవడికి తెలుసు?" అన్నాడు. వాడి మాటలో నిజం లేకపోలేదు, అందుకే నాకు మరింత ఒళ్లు మండింది.

పోయిన ఏడాది మార్చిలో శాసనసభ నిపుణురాలు ఈడా లండ్‌గ్రెన్ మా ముందు కూర్చుని, గొంతు పెంచకుండా, వేసవి నుంచి రాబడి కూలిపోతుందని చెప్పింది. ఆమె చెప్పకముందే నాకు వాసన తగులుతోంది. మా ఊరి మీదుగా పోయే గూడ్సు రైళ్లు పొట్టివయ్యాయి. ట్రాక్టర్లు అమ్మేవాడు బేరాల్లేక, ఎన్నడూ లేనిది నాకు ఫోన్ చేసి మనవళ్ల క్షేమం అడిగాడు. గవర్నరు మనిషి మాత్రం కాస్త మందగించినా మళ్లీ పుంజుకుంటుందని నవ్వు ముఖంతో చెప్పాడు.

ఈడా మాట నమ్మితే బడ్జెట్ కోయాలి. కోతల్లో మొదటిది లోయలో ఉన్న కాటన్‌వుడ్ హోమ్. తమంతట తాము బతకలేని మనుషులను రాష్ట్రం చూసుకునే చోటు అది. డెల్ఫీనా తమ్ముడు బెర్నబే కుర్రతనం నుంచీ అక్కడే ఉన్నాడు. యాభై దాటిన మనిషి, బుద్ధి మాత్రం ఆరేళ్లది. అక్కడి లాండ్రీలో తువ్వాళ్లు మడత పెట్టడం అతని ఉద్యోగం. ఒకసారి అతని మంచం ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపితే వారం పాటు నేల మీద పడుకున్నాడట.

ముగ్గురం ఈడా వైపు ఉన్నాం. ఛైర్మన్ ప్రూయిట్, ఇంకొకాయన గవర్నరు వైపు. ఎన్నికల ఏడాది కాబట్టి ప్రూయిట్‌కు చెడు కబురు అక్కర్లేదు. నాలుగో చెయ్యి డెల్ఫీనాది. ఆమె చెయ్యెత్తకపోతే కాటన్‌వుడ్ తెరిచే ఉంటుంది. ఓటుకు ముందు మెట్ల దగ్గర ఆమెను ఆపాను.

"డెల్ఫీనా, నువ్వు గవర్నరు లెక్క వైపు వెళ్లినా నేనేమీ అనుకోను."

"అనుకోవాలయ్యా. అనుకోకపోతే నాకు కోపమొస్తుంది."

"నీ తమ్ముడు కదా."

"అందుకే చెబుతున్నా. గవర్నరు దగ్గరి ఆ పిల్లాడు నవ్వుతూ చెప్పిన లెక్క నమ్మామనుకో, జనవరిలో ఖజానా ఖాళీ అవుతుంది. అప్పుడు గవర్నరు ఒక్క సంతకంతో మూసేస్తాడు. మంచులో, ఎక్కడ చోటు దొరికితే అక్కడికి పంపేస్తారు. ఇప్పుడైతే జూలై. మంచి ఇల్లు వెతుక్కోవచ్చు, నేను పక్కనుండి దింపొచ్చు. ఈడా చెప్పేది నిజమని నీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి తెలిసి వాణ్ని గాల్లో దీపంలా వదిలేయమంటావా?"

లోపలికెళ్లాం. ప్రూయిట్ పేర్లు చదివాడు. అందరికన్నా ఆఖరున డెల్ఫీనా చెయ్యి ఎత్తింది, ఆమె మోచెయ్యి నా భుజానికి తగిలింది. నాలుగు చేతులు. కాటన్‌వుడ్ పని అయిపోయింది.

జూలైలో తెల్ల బస్సు వచ్చి కాటన్‌వుడ్‌లో ఉన్నవాళ్లను తీసుకెళ్లింది. ముందే చెబితే నిద్రపోడేమోనని డెల్ఫీనా తమ్ముడికి చివరి దాకా చెప్పలేదు. రాజధాని శివార్లలో ఒక ఇటుక ఇల్లు, అతనిలాంటి వాళ్లు మరో నలుగురు, చూసుకోవడానికి ఒక సంస్థ, దానికి రాష్ట్రం నెలనెలా ఇచ్చే డబ్బు. ఇల్లు మంచిదే. కానీ బెర్నబే తినడం మానేశాడు. పళ్లు బిగబట్టి గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. డెల్ఫీనా సభ అయిపోగానే పులుసు గిన్నె పట్టుకుని అక్కడికే పోయేది. రెండు మూడుసార్లు నేనూ వెళ్లాను. చెంచా పెదవుల దగ్గర పెట్టి, చిన్నప్పటి పాటలు పాడి, బతిమాలి, కసిరి, చివరికి తనే ఏడ్చేది. ముఖంలో ఎముకలు బయటపడ్డాయి. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. మా తాత చనిపోయినప్పుడు కూడా నేను ఆ మనిషిని చూసి పడ్డంత బాధ పడలేదు.

ఇంతకీ వేసవిలో ఏమీ కూలలేదు.

ఎక్కడో సముద్రాల అవతల యుద్ధం మొదలైంది. చమురు ధర ఎగబాకింది. మా ఉత్తరాన ఉన్న చమురు బావులన్నీ పగలూ రాత్రీ తోడారు. లారీ డ్రైవర్లు కొత్త బూట్లతో తిరిగారు. ఖజానా నిండింది, గీత దాటి పొంగింది. సెప్టెంబరులో కమిటీ కూర్చున్నప్పుడు ప్రూయిట్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "డెల్ఫీనా గారూ, మీ చలవ వల్ల ఖర్చు తగ్గింది, రాబడి పెరిగింది. మీకు సన్మానం చేయాలి" అన్నాడు.

"సన్మానం తర్వాత. కాటన్‌వుడ్ తెరవండి" అంది డెల్ఫీనా.

తెరవడానికి ఏముంది అక్కడ? నర్సులు పక్క రాష్ట్రం ఆసుపత్రుల్లో చేరిపోయారు. చలికి పగలకుండా గొట్టాల్లో నీళ్లన్నీ తీసేశారు. లాండ్రీ యంత్రాలు వేలంలో పోయాయి. గీత లోపల ఉన్న డబ్బును అప్పటికే బడులూ ఆసుపత్రులూ తన్నుకుపోయాయి.

డెల్ఫీనా అప్పుడు ఈడాని పిలిపించింది. "నువ్వు చెప్పింది తప్పా?" అని అడిగింది.

ఈడా తల అడ్డంగా ఊపింది. "తప్పు కాదండీ. ఆలస్యం. ఈ చమురు లేకపోతే మనం ఇప్పటికే పడిపోయి ఉండేవాళ్లం. కింద అంతా గుల్లగానే ఉంది. శీతాకాలానికి వస్తుంది."

"అయితే పొంగింది పక్కన పెడదాం. నాలుగు నెలలు ఆగుదాం."

కమిటీ లాయరు చట్టం పుస్తకం తెరిచాడు. కుదరదు. గీత దాటింది జనానిది. ఉంచుకోవాలంటే జనాన్ని అడగాలి, ఈ నవంబరు బ్యాలెట్‌కు గడువు దాటిపోయింది. డెల్ఫీనా అప్పుడు నా వైపు చూసిన చూపు మరిచిపోలేను. పులి వస్తోందని తెలిసి కూడా తలుపు వేసుకోవడానికి అనుమతి లేని మనిషి చూపు అది.

నవంబరులో చెక్కులు వెళ్లాయి. మా ఊళ్లో పండగే. కాఫీ హోటల్లో పక్క పొలం వాడు తన చెక్కు నా కాఫీ కప్పు ముందు పెట్టి, "మునిగిపోతాం మునిగిపోతాం అన్నావు, ఏదీ?" అన్నాడు. నా చెక్కుతో నేను గడ్డి కొన్నాను. బెర్నబే పేరు మీద కూడా ఒకటి వచ్చింది. డెల్ఫీనా దాన్ని అతని చేతిలో పెడితే, అటూ ఇటూ తిప్పి చూసి, తువ్వాలులా నాలుగు మడతలు పెట్టి వెనక్కిచ్చాడట.

జనవరిలో ఈడా మాట నిజమైంది. మొదట యుద్ధం ఆగింది, అందరూ చప్పట్లు కొట్టారు. చమురు ధర బావిలో బకెట్‌లా పడింది. ఉత్తరాన చమురు కూలీలుండే మోటళ్లు ఖాళీ అయ్యాయి. తర్వాత ఇళ్లు కట్టేవాళ్లు ఆగారు, ఆ తర్వాత కార్లు అమ్మేవాళ్లు. ఒకరోజు మా ఊరి పట్టాల మీద రోజంతా ఒక్క గూడ్సు రైలు కూడా పోలేదు. నా జీవితంలో ఆ పట్టాలు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను వినలేదు. హోటల్లో నన్నెవరూ ఏమీ అనలేదు. ట్రాక్టర్లు అమ్మేవాడు దుకాణం మూసేసి అద్దాల మీద కాగితాలు అంటిస్తున్నాడు.

వింతేమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే బెర్నబే తేరుకున్నాడు. ఒక ఆదివారం ఎవరూ అడక్కుండానే రొట్టె ముక్క తీసుకుని పులుసులో ముంచుకున్నాడట. డెల్ఫీనా నాకు ఫోన్ చేసి, మాట్లాడలేక, ఆ ఇంటిని చూసుకునే ఆవిడకు ఫోన్ ఇచ్చింది. ఫిబ్రవరి చివరికి కంచం ఖాళీ చేస్తున్నాడు. తువ్వాళ్లు అక్కడా మడతపెడుతున్నాడు. నేను వెళ్తే తలుపు తీసి, నా తల మీది టోపీని చూపిస్తూ, "టోపీ మావా, రా, మన ఇల్లు చూపిస్తా" అని చెయ్యి పట్టుకుని ప్రతి గదీ తిప్పాడు. మన ఇల్లు అన్నాడు. డెల్ఫీనా వంటింట్లోకి వెళ్లి ముఖం కడుక్కుంది.

ఈ మార్చిలో ఇద్దరు నిపుణులూ ఒకే మాట చెప్పారు. గవర్నరు మనిషి నవ్వలేదు. రాబడి కూలింది, దానితో గీతా కూలింది, మళ్లీ మంచి ఏడాది వచ్చినా ఇకమీదట ఈ అడుగు నుంచే పైకి పాకాలి. దాచుకున్నది లేదు. కోతల్లో మొదటి పేరు, నగరంలో ఆ చిన్న ఇళ్లకు ఇచ్చే డబ్బు. మూడో వంతు తగ్గిస్తే సంస్థలు ఇళ్లను వెనక్కిచ్చేస్తాయి. బెర్నబే ఇల్లు అందులో ఉంది. అక్కడి నుంచి తీసుకెళ్తే ముసలివాళ్లనూ మంచాన పడ్డవాళ్లనూ ఉంచే పెద్ద నర్సింగ్ హోముల్లో ఎక్కడ మంచం ఖాళీగా ఉంటే అక్కడ పడేస్తారు.

"ఇద్దరి లెక్కా ఒకటే కాబట్టి ఓటు అక్కర్లేదు. ముందుకు పోదాం" అన్నాడు ప్రూయిట్.

"ఓటు పెట్టండి" అంది డెల్ఫీనా.

"అవసరం లేదమ్మా, ఆనవాయితీ ప్రకారం…"

"పోయినేడు కాటన్‌వుడ్‌ను నా చెయ్యి మూసిందని మీరే ఊరంతా చెప్పారు. ఈసారి ఎవరి చెయ్యి మూస్తుందో నేనూ చూడాలి. పెట్టండి."

ప్రూయిట్ మొహం మాడ్చుకుని పెట్టాడు. ఆరు చేతులూ లేచాయి. ఎత్తక ఏం చేస్తాం? లేని డబ్బు ఉందని ఓటేయలేం కదా. డెల్ఫీనా చెయ్యి ఈసారి అందరికన్నా ముందు లేచింది. దానికే నాకు భయం వేసింది.

సాయంత్రం నేనూ ఆమెతో వెళ్లాను. దారిలో, "డాక్టరు చెప్పాడు, ముందే చెప్పాలట. కిందటిసారి దాచి పెద్ద తప్పు చేశానన్నాడు. ఈసారి ఈ రోజే చెబుతా" అంది.

"వారం ఆగు" అన్నాను.

"ఆగితే నాకు నోరు రాదు."

మేం చేరేసరికి ఆ ఇంట్లోవాళ్లు భోజనానికి కూర్చుని ఉన్నారు. బీన్సు, మొక్కజొన్న రొట్టె, పంది మాంసం. బెర్నబే నాకు కుర్చీ లాగి, "కూర్చో టోపీ మావా, నీకూ ఉంది" అన్నాడు. డెల్ఫీనా అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. అతని చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"బెర్నబే, నాన్నా, నే చెప్పేది వింటావా? ఈ ఇంట్లోంచి మనం వెళ్లాల్సి వస్తుంది. ఇప్పుడే కాదు, ఎండాకాలంలో. వేరే ఇంటికి."

ఏడుస్తాడని, అరుస్తాడని నేను బల్ల అంచు పట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

"నేనేం తప్పు చేశానక్కా?"

"నువ్వేం తప్పూ చేయలేదు రా."

"అన్నం తినలేదనా? అప్పుడు తినలేదు. ఇప్పుడు తింటున్నాగా. రోజూ తింటున్నా. ఆవిణ్ని అడుగు."

కమిటీలో అయిదుగురి నోళ్లు మూయించిన మనిషి నా వైపు తిరిగింది. నేను చెబుదామనుకున్నాను. ఏం చెప్పను? గీత గురించా, చమురు గురించా, నిండిన కొట్టాన్ని ఊరందరికీ పంచిపెట్టాక కరువు వచ్చిందనా?

బెర్నబే చెయ్యి విడిపించుకుని కంచం దగ్గరికి లాక్కున్నాడు. ఉన్నదంతా తిన్నాడు. మళ్లీ వడ్డించమని కంచం చాపాడు, అదీ తిన్నాడు. గొంతుకు అడ్డం పడుతున్నా ఆపలేదు. డెల్ఫీనా "చాలు నాన్నా, చాలు" అంటూ మణికట్టు పట్టుకుంటే తోసేశాడు. చివరికి రొట్టె ముక్కతో కంచాన్ని మెరిసేలా తుడిచి, పైకెత్తి, ముందు వాళ్లక్కకు, తర్వాత నాకు చూపించాడు.

"చూడండి, అంతా అయిపోయింది. ఇంక ఇక్కడే ఉండొచ్చా?"